డైస్ భయం లేదంది, నా క్యారెక్టర్ మాత్రం వణికిపోతోంది

ప్రశ్న:

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు రాసిన పొడవైన ఉత్తరం ఇది. కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 27 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. ఏడాదిన్నరగా ప్రతి శనివారం రాత్రి స్నేహితులతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నారు. ఒక్కొక్కరూ ఒక క్యారెక్టర్‌ని తీసుకుని, మాటలతో, డైస్‌తో కథ నడిపే ఆట అది. అందరూ ఒక ఫ్లాట్‌లో టేబుల్ చుట్టూ చేరతారు. డల్లాస్‌లో ఉన్న ఒక అబ్బాయి మాత్రం అక్కడి శనివారం పొద్దున కాఫీ కప్పుతో వీడియోలోకి వస్తాడు. ఆట నడిపే డీఎం ఆమె రూమ్మేటే. 2014 నాటి ఐదో ఎడిషన్ పుస్తకాల ప్రకారం ఆడతారు. ఈమె క్యారెక్టర్ పేరు మైరా. ఆరో లెవెల్ క్లెరిక్, అంటే దేవతను కొలిచి ఆ శక్తితో గాయాలు మాన్పే పూజారిణి. చిన్నప్పుడు మైరా ఊరిని ఎర్ర డ్రాగన్ ఒకటి తగలబెట్టింది. అమ్మానాన్నలు ఆ మంటల్లో పోయారు.

కిందటి సెషన్‌లో అలాంటి డ్రాగనే కొండ మీద వీళ్ల ముందు వాలింది. ఇద్దరు గని కూలీలను ఎత్తుకుని పైనున్న పెద్ద గుహలోకి వెళ్లిపోయింది. అది వాలినప్పుడు డీఎం అందరినీ సేవ్ వెయ్యమంది, అంటే భయాన్ని తట్టుకుంటారో లేదో డైస్ వేసి తేల్చుకోమంది. మైరాకు 14 పడింది, ఆమె క్యారెక్టర్‌కున్న 7 కలిపితే 21. "నువ్వు పాస్, నీకు భయం లేదు" అంది డీఎం. ఈమెకు అది మింగుడుపడలేదు. కూలీలను విడిపించాలంటే పాత గని సొరంగంలోంచి వెళ్లాలి. అక్కడ ఈమె గొంతు వణికించి, చేతులతో మొహం కప్పుకుని, "నేను రాను, నా వల్ల కాదు" అని నటించారు. ఒకరు పకపకా నవ్వారు. డల్లాస్ అబ్బాయి మైక్ మ్యూట్ చేసుకున్నాడు. ఫైటర్‌గా ఆడే సీనియర్ ఒకాయన ఉన్నాడు, కాలేజీ రోజుల నుంచి అందరూ అన్నా అనే పిలుస్తారు. ఆయన "అంత భయమైతే అడ్వెంచర్‌కి ఎందుకొచ్చావమ్మా, గుళ్లో కూర్చుని ప్రసాదం పంచుకోవచ్చుగా" అన్నాడు. బతిమాలడంలోనే రెండు గంటలు పోయాయి. గని ముందు నిలబడి ఉండగానే సెషన్ అయిపోయింది.

భయం చూపిస్తే కామెడీ ఎందుకవుతోంది, డైస్ భయం లేదన్నాక భయపడటం తప్పా, మైరాను తీసేసి కొత్త క్యారెక్టర్ చేసుకోవాలా లేక టేబులే మానేయాలా అని అడుగుతున్నారు. మధ్యలో బ్రాకెట్లు పెట్టి ఇంకో మాట కూడా రాశారు: నిరుడు అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో నలభై నిమిషాలు ఇరుక్కుపోయారట, డీఎం ఆ సొరంగాన్ని వర్ణిస్తుంటే తన చేతులే చల్లబడ్డాయట.

సమాధానం:

పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి క్లెరిక్ గారూ అనే పిలుస్తాను.

మీరు బ్రాకెట్లలో పెట్టిన సంగతితోనే మొదలుపెడతాను. మీ ఉత్తరంలో రెండు భయాలున్నాయి. డ్రాగన్ అంటే మైరాకున్న భయం ఒకటి, ఇరుకు అంటే మీకున్న భయం ఇంకొకటి. ఆ రాత్రి రెండూ ఒకే గొంతులోంచి వచ్చాయి. "నేను రాను" అన్నది మైరాయా, మీరా? మీకే తెలియకపోతే టేబుల్‌కి ఎలా తెలుస్తుంది? మొదటిది ఆటలో సామగ్రి, దాంతో ఏమైనా చెయ్యొచ్చు. రెండోదాన్ని ఆటలోకి ఈడ్చాల్సిన పని లేదు.

మీ డీఎం రూమ్మేటే కదా, శనివారం దాకా ఆగకుండా వంటింట్లో టీ పెట్టుకుంటున్నప్పుడే చెప్పేయండి. సొరంగాన్ని వెడల్పు చెయ్యడం, లేదా "గంట నడిచి అవతలికి చేరారు" అని ఒక్క మాటలో దాటించడం ఆమెకు చిటికెలో పని. అందరికీ చెప్పాలా అంటే అది మీ ఇష్టం. చెబితే ఆ రాత్రి సంగతి వాళ్లకు సగం అర్థమవుతుంది, కానీ జాలి చూపులు నాలుగు వారాలు భరించాలి. చెప్పకపోయినా ఫరవాలేదు. చాలా టేబుళ్లలో ఎక్స్-కార్డ్ అని ఒకటి పెట్టుకుంటారు. కాగితం ముక్క మీద ఎక్స్ గీసి మధ్యలో పెడతారు. ఇబ్బంది అనిపించినవాళ్లు దాన్ని ముట్టుకుంటే చాలు, కారణం అడగరు, ఆ వర్ణన అక్కడితో ఆపి ముందుకు వెళ్లిపోతారు. ఆటలో ఎదుర్కొంటే నీ భయం పోతుందని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం నవ్వి ఊరుకోండి. శనివారం రాత్రి సమోసాల మధ్య చేసే వైద్యం కాదది. ఇప్పటికీ లిఫ్ట్ ఎక్కకుండా మెట్లే ఎక్కుతుంటే కౌన్సెలర్‌ని కలవండి, మామూలు విషయమే.

ఇక మైరా దగ్గరికి వద్దాం.

డైస్ విషయంలో మీ డీఎం తప్పు చెప్పలేదు, కానీ ఒక మాట ఎక్కువ చెప్పింది. ఆ రూల్ ఏమంటుంది? పెద్ద డ్రాగన్‌కు 120 అడుగుల లోపల ఉన్నవాళ్లు విజ్‌డమ్ సేవ్ వెయ్యాలి. ఎర్ర డ్రాగన్‌కైతే 19 దాటాలి, లేదా సమం కావాలి. తప్పితే ఒక నిమిషం పాటు "ఫ్రైటెన్డ్". డ్రాగన్ కంటికి కనిపిస్తున్నంతసేపూ ఏ దెబ్బ కొట్టాలన్నా, ఏ పని చెయ్యాలన్నా ఇరవై ముఖాల డైస్ రెండుసార్లు వేసి తక్కువ పడింది తీసుకోవాలి. కావాలనుకున్నా ఒక్క అడుగు దాని వైపు వెయ్యలేరు. ప్రతి టర్న్ చివరా మళ్లీ సేవ్ వేసి బయటపడే వీలుంది. గట్టెక్కినవాళ్ల మీద ఆ డ్రాగన్‌కున్న ఈ శక్తి 24 గంటలు పనిచెయ్యదు.

చూశారా, ఇందులో మనసు గురించి ఒక్క మాట లేదు. కాళ్లూ చేతులూ ఎవరి మాట వింటాయన్నదే రూల్‌కి కావలసింది. మైరా పాస్ అయిందంటే ఆమె కాళ్లు ఇంకా ఆమె మాటే వింటున్నాయని. అంతవరకే. పరీక్ష హాల్లోకి నడిచి వెళ్లిన ప్రతివాడూ భయం లేకుండా వెళ్లాడని అనం కదా. కాబట్టి డైస్ భయం లేదన్నాక భయపడటం తప్పు కాదు. నన్నడిగితే సేవ్ పాస్ అయినవాళ్లకే భయాన్ని ఆడే స్వేచ్ఛ ఎక్కువ. ఫెయిలైనవాళ్లు ఎలాగూ రూల్ చెప్పినట్టు ఆడాలి.

ఒక లెక్క కూడా చూడండి. ఆరో లెవెల్ క్లెరిక్‌కి హిట్ పాయింట్లు, అంటే ఎంత దెబ్బ తట్టుకోగలదన్న లెక్క, నలభై, నలభై ఐదు మధ్య ఉంటాయి. పుస్తకంలోని పెద్ద ఎర్ర డ్రాగన్‌కు 256. దాని నిప్పు ఊపిరి 18 ఆరుముఖాల డైస్, సగటున 63. సగం దెబ్బతో బయటపడాలంటే డెక్స్‌టెరిటీ (చురుకుదనం) సేవ్‌లో 21 రావాలి. మైరా డెక్స్‌టెరిటీలో కలుపుకోవడానికి ఏమీ లేకపోతే 20 పడినా ఆ సగం తగ్గదు. ఒక్క ఊపిరికే కింద పడిపోతుంది. ఆ రాత్రి భయపడ్డ ఒక్క మైరాకే బుర్ర పనిచేస్తోందని నా అనుమానం. డీఎం కూడా మిమ్మల్ని కొట్లాటకు పిలవలేదేమో. కూలీలను చప్పుడు చెయ్యకుండా తప్పించుకురమ్మని ఆమె ఉద్దేశం కావచ్చు. అడగండి.

భయపడినందుకు ఎవరూ విసుక్కోలేదని నేననుకుంటున్నాను. "రాను" అన్న తర్వాత ఎవరికీ చెయ్యడానికి ఏమీ మిగల్లేదు, అక్కడ వచ్చింది తంటా. మిగతా అందరూ మిమ్మల్ని బతిమాలాలి, లేదా వదిలేసి వెళ్లాలి. శనివారమంతా ఎదురుచూసి వచ్చినవాళ్లకు ఈ రెండూ కష్టమే. అదే మైరా "వస్తాను, కానీ లాంతరు ఆర్పేస్తేనే వస్తాను" అని ఉంటే? అప్పుడు ఫైటర్‌కి కోపం వస్తుంది, మీ గుంపులో చీకట్లో చూపున్న ఎల్ఫ్ క్యారెక్టర్ ముందు నడవాల్సి వస్తుంది, చీకట్లో ఎవరో దేనికో తగిలి శబ్దం చేస్తారు. మైరా భయం వల్ల అందరికీ ఒక్కో పని దొరికింది. భయపడుతున్న మనిషి ఏం చెయ్యదో కాదు, ఏం చేస్తుందో వెతకండి.

మనకు తెలిసిన భయస్థుల్లో ఉత్తరకుమారుణ్ని మించినవాడు లేడు. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కోతలు కోసి, కౌరవసేన కనబడగానే రథం దిగి పరుగందుకున్నాడు. ఈనాటికీ ప్రగల్భాలకు అతని పేరే వాడతాం. అయితే కథ అక్కడ ఆగిపోలేదు, ఎందుకో ఆలోచించారా? బృహన్నల వెంటపడి పట్టుకుంది. వదిలెయ్, బంగారమిస్తాను, రత్నాలిస్తాను అని అతను కాళ్లావేళ్లా పడ్డాడు. పోనీ ఇంటికి పో అనలేదు, సిగ్గులేదా అని దెప్పుతూ కూర్చోనూ లేదు. నువ్వు యుద్ధం చెయ్యక్కర్లేదు, పగ్గాలు పట్టు, నేను చేస్తాను అంది. ఆ తర్వాత కూడా అతని భయం పోలేదు. ఆయుధాలు దించడానికి జమ్మిచెట్టు ఎక్కమంటే, ఆ మూటేదో శవంలా ఉంది, నేను ముట్టుకోను అని అక్కడా వెనకాడాడు. ఎక్కాడు, దించాడు, రథం తోలాడు. వణుకుతూనే. పిరికివాడికి తగిన పని ఒకటి దొరికింది కాబట్టి అతను చివరిదాకా కథలో ఉన్నాడు.

మీ టేబుల్ మీద ఉత్తరుడు ఉన్నాడు, బృహన్నల లేదు. ఆ పాత్ర అన్నకివ్వండి. ఆయన అన్న మాట నొప్పించేదే, కాదనను. ప్రసాదం మాట నాకూ నచ్చలేదు. కానీ ఆయనకూ అది వారానికి ఒక్క శనివారమే. ఫోన్ చేసి, "అన్నా, మొన్న నేను ఆటను ఆపేశాను, సారీ. మైరా భయస్థురాలు, అది మాత్రం మార్చను. ఆమెను ముందుకు లాగే మనిషి మీ ఫైటర్ అయితే బాగుంటుంది, చేస్తారా?" అని అడిగి చూడండి. ఒప్పుకుంటే మీ ఇద్దరి మధ్య ఒక కథ మొదలవుతుంది. అలాంటి జంటలున్న టేబుళ్లు ఏళ్ల తరబడి నడవడం చూశాను. ఒప్పుకోక ఇంకో జోక్ వేస్తే, ఆయనకు భయం మీద ఆసక్తి లేదని తేలిపోతుంది. అప్పుడు ఎల్ఫ్‌ని అడగండి, డల్లాస్ అబ్బాయిని అడగండి. మ్యూట్ చేసుకున్నవాడు విసుక్కున్నాడనే ఎందుకనుకోవాలి? అక్కడ పొద్దున్నే ఇంట్లో మిక్సీ తిరుగుతుండొచ్చు.

కామెడీ ఎందుకైందో నా అనుభవం ఒకటి చెబుతాను. కాలేజీ నాటకంలో నాకు దెయ్యాన్ని చూసి జడుసుకునే వేషం పడింది. కళ్లు పెద్దవి చేసి, కెవ్వున అరిచి, వెనక్కి పడ్డాను. హాలంతా నవ్వులు. నేర్పించే మాస్టారు కోప్పడలేదు గానీ, నా చేతిలో అగ్గిపెట్టె పెట్టి, "దెయ్యం వైపు చూడకు. పుల్లలు లెక్కపెట్టు. లెక్క తప్పు" అన్నారు. మర్నాడు పుల్లలు లెక్కపెట్టాను, ఏడు దగ్గర తప్పాను, మళ్లీ మొదలుపెట్టాను. ఒక్కరూ నవ్వలేదు.

మన నాట్యశాస్త్రం ఇలాంటి ఒంటి గుర్తుల్ని ఎనిమిదిగా లెక్కకట్టింది. కొయ్యబారిపోవడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, మొహం పాలిపోవడం, కన్నీళ్లు, స్పృహ తప్పడం. స్తంభం, స్వేదం, రోమాంచం అంటూ చదివే ఉంటారు. రంగస్థలం మీద దీపాలు, వేషం, దూరం ఉంటాయి కాబట్టి అవన్నీ చెల్లుతాయి. మీరు ట్యూబ్‌లైట్ కింద నైట్ ప్యాంట్లో కూర్చుని, ఎదురుగా చట్నీ గిన్నె పెట్టుకుని, ఎనిమిదింటిలో నాలుగు ఒకేసారి చూపిస్తే నవ్వు రాక ఏం వస్తుంది? పైగా మనవాళ్లకు ఎదుటి మనిషి నిజంగా వణుకుతుంటే ఎటు చూడాలో తెలియక కూడా నవ్వొస్తుంది. ఆ నవ్వినవాళ్లను వెక్కిరించారని లెక్కెయ్యకండి.

ఈ ఆటలో మీకు రంగస్థలం మీద లేని సౌకర్యం ఒకటుంది. నటించక్కర్లేదు, చెప్పొచ్చు. మీ మామూలు గొంతుతో, "మైరా మెడలో గొలుసు పట్టుకుంది, ఇంకా వదల్లేదు" అంటే చాలు. రెండు గంటల తర్వాత ఎవరో ఆమెకు తాడు అందిస్తే, "ఒక చేత్తోనే అందుకుంది" అనండి. గొలుసు మాట మళ్లీ ఎత్తక్కర్లేదు, వాళ్లకే గుర్తొస్తుంది. ఎనిమిదింటిలో ఒక్కటి ఎంచుకుని సెషనంతా దాన్నే వాడండి. గొంతు మార్చాలనిపిస్తే వణికించడం కన్నా తగ్గించడం మేలు, వాక్యాలు చిన్నవి చెయ్యడం ఇంకా మేలు. కొందరు భయమేస్తే ఎక్కువ మాట్లాడతారు, వైవా ముందు మా బ్యాచ్‌లో ఒకడు కొబ్బరి చట్నీ గురించి పావుగంట మాట్లాడాడు. మైరా అలాంటి మనిషా? అయితే సొరంగం మొగదల నిలబడి రాత్రి భోజనం గురించి అడగనివ్వండి.

ఇప్పుడు అసలైన ప్రశ్న. మైరాకు దేని భయం? డ్రాగన్ అనకండి. డ్రాగనంటే మీ గుంపులో అందరికీ భయమే. అమ్మానాన్నలు మంటల్లో పోయారన్నది కూడా సరిపోదు. అమ్మానాన్నలు పోని క్యారెక్టర్ ఉన్న టేబుల్‌ని నేనింతవరకూ చూడలేదు, పాపం. ఆ రాత్రి తొమ్మిదేళ్ల మైరా ఎక్కడ ఉంది? బావిలో దాక్కుందా? ఎవరి చెయ్యైనా పట్టుకుని పరిగెత్తి, మధ్యలో వదిలేసిందా? కాలుతున్న తాటాకు వాసన గుర్తుందా? రెక్కల చప్పుడా? బావిలో దాక్కున్న పిల్లకు పెద్దయ్యాక నీళ్ల దగ్గర ధైర్యం వస్తుంది. చెయ్యి వదిలేసిన పిల్లయితే వెనకాల నడుస్తున్నవాళ్లను పదేపదే లెక్కపెట్టుకుంటుంది, తన ప్రాణం కన్నా చివర ఉన్న మనిషి కోసమే ఎక్కువ భయపడుతుంది. ఇలా ఒక్క వాక్యం రాసి డీఎంకి ఇవ్వండి. డ్రాగన్ కనబడక ముందే ఆ వాసననో చప్పుడునో ఆమె తెచ్చి పెడుతుంది, ఆ సగం భారం మీ మీద ఉండదు.

మీరు గమనించారో లేదో, క్లెరిక్‌లు మాటిమాటికీ వాడే చిన్న మంత్రం పేరు సేక్రెడ్ ఫ్లేమ్. పైనుంచి జ్వాలలాంటి వెలుగు దిగి శత్రువును కాలుస్తుంది. ఊరు కాలిపోయిన పిల్ల ఇన్ని లెవెళ్లుగా చేత్తో జ్వాలలు దించుతోంది! ఈ డ్రాగన్‌ని చూసిన రోజు నుంచి మైరా ఆ మంత్రం వెయ్యడం మానేస్తే? గద పట్టుకుని దగ్గరికెళ్లి కొట్టడానికి సిద్ధపడుతుంది, అరవై అడుగుల దూరం నుంచి చెయ్యగలిగిన పనిని మాత్రం చెయ్యదు. భయం వల్లే ఆమె ప్రమాదానికి దగ్గరగా వెళుతుంది. ఎందుకని ఎవరైనా అడిగేదాకా చెప్పకండి.

ఇవి కాక మీ ముందున్న దారులు కొన్ని. సేవ్ పాస్ అయినా ఒకటి రెండు రౌండ్లు నన్ను ఫ్రైటెన్డ్‌గా లెక్కేయమని మీరే డీఎంని అడగొచ్చు. అప్పుడు మీ భయానికి ఖరీదుంటుంది, అన్న కూడా ఊరికే నటిస్తోందని అనలేడు. క్యారెక్టర్ స్వభావానికి, లోపానికి తగ్గట్టు ఆడినవాళ్లకు ఇన్‌స్పిరేషన్ ఇవ్వమని ఆ పుస్తకాలే చెబుతాయి, అది మీకు తర్వాత ఒక రోల్‌లో పనికొస్తుంది. అయితే ఆ రెండు రౌండ్లలో మీరు సరిగా కొట్టలేకపోతే దెబ్బ తినేది ముందున్నవాళ్లు. కాబట్టి అందరినీ అడిగాకే చెయ్యండి.

లేదా ఒక శనివారం డ్రాగన్లను పక్కన పెట్టి, భయమే ఆటగా ఉన్న ఇంకో గేమ్ ఆడి చూడమని అడగండి. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ థుల్హులో హిట్ పాయింట్లతో పాటు శానిటీ పాయింట్లు, అంటే మతిస్థిమితం లెక్క, తగ్గుతుంటాయి. డ్రెడ్ అనే ఆటలో డైసే ఉండదు. పేర్చిన చెక్కదిమ్మల్లోంచి ఒక్కొక్కటి లాగాలి, కూలిస్తే మీ క్యారెక్టర్ కథ ముగిసినట్టే. అన్న చేతులు వణకడం మీరు కళ్లారా చూస్తారు. ఆ తర్వాత ఆయన జోకులు తగ్గొచ్చు. మీవాళ్లకు అది అస్సలు నచ్చకపోవచ్చు కూడా. అప్పుడు ఒక శనివారం పోయినట్టే.

మైరాను తీసేయడం తేలిక. గుడికి తిరిగి వెళ్లిపోయింది అంటే ఎవరూ అడ్డు చెప్పరు. కానీ కొత్తగా వచ్చే ధైర్యవంతురాలితో మీకు మూడు సెషన్లలో బోరు కొడుతుందని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది, అందులో మైరా గురించే రెండు పేజీలున్నాయి. టేబుల్ మానేయడం గురించి నేను ఇప్పుడే ఏమీ అనను. అన్నతో మాట్లాడాక, డీఎంతో మాట్లాడాక, ఇంకో రెండు శనివారాలు చూశాక కూడా ఇంటికి ఏడుపు మొహంతోనే వస్తుంటే మానేయండి. స్నేహం వేరు, ఆట వేరు. కలిసి బిర్యానీ తింటూ వేర్వేరు టేబుళ్ల మీద ఆడేవాళ్లు బోలెడుమంది.

వచ్చే సెషన్ గని ముందే మొదలవుతుంది కదా. "ఏం చేస్తున్నారు?" అని డీఎం అడగ్గానే, మిగతావాళ్లు నోరు తెరవక ముందే, మామూలు గొంతుతో, "ఫైటర్ భుజానికున్న తాడు కొస తీసుకుని మైరా తన నడుముకి కట్టుకుంటోంది. ముడి రెండుసార్లు తప్పింది" అని చెప్పి ఆగిపోండి. తర్వాత మాట్లాడాల్సింది అన్న.